దిగని డికాషన్

బొగ్గు గనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక గోదావరిఖనిలోనే ఉండిపోయాం. పోయిన ఏడాది నా భార్య సుగుణ టైఫాయిడ్ తగ్గి ఇంటికి వచ్చింది గానీ, ముద్ద ముట్టేది కాదు. రోజురోజుకీ నీరసించిపోతుంటే నాకు భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం తనే, "ఇంత కాఫీ తాగబుద్ధయితాంది" అన్నది.

అప్పటిదాకా మా ఇంట్లో కాఫీ ఆమె పనే. చిక్కగా దిగాలని నేను ఫిల్టరులో పొడి పోసి, గట్టిగా అదిమి, మరిగే నీళ్లు పోశాను. ఎంతసేపటికీ కిందికి ఒక్క చుక్క రాలేదు. ఇంట్లో ఉన్న పొడి అంతే. "ఇగ వద్దు తియ్, పండుకుంట" అని ఆమె గోడవైపు తిరిగింది.

అంతలో ఊరి పక్కన నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుడుకు ముందు మోగే సైరన్ వినిపించింది. నా మధ్యాహ్నపు నిద్ర చెడగొడుతుందని రోజూ విసుక్కునేవాణ్ని, డైరీలో కూడా రాసుకునేవాణ్ని. కాసేపటికి పేలుడుకు ఇల్లు అదిరింది. అల్మారాలో గ్లాసులు గలగలలాడాయి. ఆ వెంటనే ఫిల్టరులో టప్పున ఒక చుక్క, దాని వెనకే ఇంకొకటి. కదలకుండా నిలబడి విన్నాను.

"దిగిందా?" అన్నది సుగుణ మంచం మీంచి.

"నీకెట్ల తెలుసు?"

"రోజు సైరన్ కంటె ముందుగాల్నే నీళ్లు పోసి పెడ్త నేను. నీకు డైరీ రాసుడే గానీ ఇంట్ల ఏమైతదో తెల్వదాయె."

గ్లాసెడు తాగి, ఇంకొంచెం ఉందా అని అడిగింది.

ఇన్నేళ్లూ నేను మెచ్చుకుంటూ తాగిన కాఫీలో గని కూడా ఒక చెయ్యి వేసిందన్నమాట. ఇప్పుడు సైరన్ మోగితే ఇద్దరం మాటలాపి ఫిల్టరు వైపు చూస్తాం.