దొర్సినా అక్క కట్టిన ముడి

మా దీవికి దారితప్పినట్టు వచ్చే ప్రయాణికులకు దొర్సినా అక్క ఇంట్లోనే బస. సాగో చెట్టు పిండితో చేసిన రొట్టె, కాల్చిన చేప పెట్టి, "తినండి. ఆ కర్ర దాటి ఈదారో, కాళ్లు విరగ్గొడతా" అంటుంది.

ఆ కర్ర పగడపు దిబ్బ మీద ఉంటుంది. దానికి లేత కొబ్బరాకు కట్టి ఉన్నంత కాలం అక్కడ ఎవరూ ఏమీ పట్టకూడదు. నియమం తప్పినవాడి పేరును కాపలాదారు శంఖం ఊది ఊరందరికీ చెప్పాలి. కాపలా అక్కదే. ఆ ఆకు కట్టే ముడి ఊళ్లో ఇంకెవరికీ రాదు; తండ్రి ఆమెకు నేర్పాడు, ఆమె తన తమ్ముడు ఎలియాస్‌కు నేర్పింది.

మొన్న పొద్దున చూస్తే దిబ్బ మీద నత్తగుల్లలన్నీ మాయం. కర్రకు మాత్రం పాత ఆకు విప్పేసి, అదే ముడితో కొత్త ఆకు కట్టి ఉంది. మా దొంగలు దొంగతనమైనా చేస్తారు కానీ, ఆ కర్రను బోసిగా వదలాలంటే వాళ్లకు పెద్దల ఆత్మల భయం.

ఎలియాస్ పరుగున వచ్చాడు. "చూశావా అక్కా, నీ అతిథుల నిర్వాకం! బయటోళ్లని ఇంట్లో పెట్టుకోకే అంటే విన్నావా?"

"వాళ్లకి చెప్పుల తాడు కట్టుకోవడమే రాదు కదరా. నాన్న ముడి ఎవరు నేర్పారంటావ్?"

అతను తల దించుకున్నాడు. అక్క శంఖం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే ఊదుకో. నీకు పేరు పెట్టింది నేను. ఆ పేరు ఇందుకు పలకలేను."