బెల్లం నీళ్ళు తాగిన మిద్దె

మొన్న ముసురులో పింఛను పని మీద బ్యాంకుకు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నానో లేదో, పైనుంచి టపటపా నాలుగు బొట్లు రాలాయి. పక్కనున్న ఒకాయన ముఖం చిట్లించి, “పాత బిల్డింగు కదండీ, కారకేం చేత్తదండీ” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “అవి ఏసీ నీళ్ళు బాబూ! ఈ మిద్దె కారదు. నా చేతులతో కొట్టిన మిద్దె ఇది” అన్నాను, హాలంతా ఇటు తిరిగేలా.

యానాంలో నా ఈడువాళ్ళకు ఆ భవనం గురించి చెప్పక్కర్లేదు. ఫ్రెంచివాళ్ళ హయాంలో ఖజానా కోసం కట్టారని పెద్దలు అనేవారు. గోదావరి పొంగినా అందనంత ఎత్తు అరుగు, రెండు మూరల మందాన గోడలు, నిలువెత్తు కిటికీలు, టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి డంగుసున్నంతో వేసిన మిద్దె. నేనక్కడ క్యాషియరుగా పనిచేసినన్నాళ్ళూ నడివేసవిలో కూడా నా కౌంటరులో చల్లగా ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక ఆ మిద్దె కారసాగింది. కౌంటర్ల మధ్య బకెట్లు పెట్టుకుని పనిచేసేవాళ్ళం. వచ్చే వానాకాలం కూడా కారితే బ్రాంచిని మార్చేస్తామన్నారు పైవాళ్ళు. మేం ఖాళీ చేస్తే పడగొట్టి షాపుల కాంప్లెక్సు కట్టాలని యజమానులు కాచుకుని ఉన్నారు. అది తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

సిమెంటు పూత ఎన్నిసార్లు వేసినా పగిలిపోతుంటే, పాత పద్ధతిలోనే బాగుచేయిద్దామని మా మేనేజరు గారు పట్టుబట్టారు. సున్నంలో ఇటుకపొడి కలిపి పరచి, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కొయ్యచెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. ఫరంపేటలో ఉండే మా చిన్నమ్మ పడుచుతనంలో ఆ పని చేసిందే కాబట్టి, తోటి కూలి ఆడవాళ్ళను ఆవిడే పోగుచేసింది. బెల్లం వాసనకు ఊళ్ళో చీమలన్నీ డిపాజిట్లు కట్టడానికన్నట్టు గోడ వెంట బారులు తీరాయి. మేనేజరు గారు తన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టించుకున్నారు.

పని సగంలో ఉండగా ఒక ఆదివారం సముద్రం వైపు కారుమబ్బు పట్టింది. సున్నం గట్టిపడకముందే వాన పడితే అంతా కొట్టుకుపోతుంది, దాంతో పాటే మా బ్యాంకూ పోతుంది. చర్చిలో ఆరాధన ముగియగానే చిన్నమ్మ గుడి వాకిట్లో అడ్డంగా నిలబడి, “ఇంటికెల్లి కూరొండుకోడం రోజూ ఉండేదే! రండే, సెక్కలట్టుకోండి!” అని కేకేసింది. తెల్లచీరలతోనే మిద్దె ఎక్కాం. దరియాలతిప్ప నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు కబురు విని వచ్చారు, మేనేజరు గారు ప్యాంటు మడిచి కూర్చున్నారు. మా వరుసలో కీర్తన, అవతలి వరుసలో నాట్ల పాట, రెండూ ఒకే దెబ్బ మీద సాగాయి. చీకటి పడేవేళకు చెక్క వేస్తే మిద్దె ఖంగుమంది. రొయ్యల చెరువుల ఆసాములు తెచ్చిన టార్పాలిన్లు కప్పామో లేదో, వాన దిగింది.

ఆ ఏడు వానాకాలమంతా బకెట్లు పెట్టుకుని ఎదురుచూశాం. ఒక్క చుక్క రాలలేదు! బ్రాంచి కదలలేదు. మాకింక వీటితో పనేమిటని మేనేజరు గారు ఆ బకెట్లన్నీ మిద్దె కొట్టినవాళ్ళకు పంచిపెట్టేశారు. చిన్నమ్మ తన బకెట్టును పతకంలా ఊపుకుంటూ ఫరంపేట దాకా నడిచింది.

ఇప్పుడు చిన్నమ్మ లేదు. మేం కాపాడిన టేకు దూలాలు ఏసీ కోసం బిగించిన తెల్లరేకుల వెనక దాగిపోయాయి. లావాదేవీలన్నీ ఫోన్లలోనే కావడంతో హాల్లో మనుషులూ పలచబడ్డారు. మొన్న ఆ ఏసీ నీళ్ళ కింద పెట్టడానికి బకెట్టు కోసం బ్రాంచి అంతా వెతికారు, ఎక్కడా దొరకలేదు. ఎందుకు లేదో తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.