అమ్మాన్ నుంచి వచ్చిన నిశ్శబ్దం

హనాదీ పనికి కావలసినవి కరెంటు, ఇంటర్నెట్టు, చెవులు. గాజాలోని దేర్ అల్ బలహ్‌లో మొదటి రెండూ దొరికిన రోజు పండగ, దొరకని రోజు మామూలు రోజు. చెవుల గురించి మాత్రం ఆమెకు ఏనాడూ దిగులు లేదు. తనవి పాము చెవులని గట్టి నమ్మకం.

ఆ చెవులకు సానపట్టింది అన్న రాఘిబ్. పెళ్లిళ్లకు మైకులూ స్పీకర్లూ పెట్టేవాడతను. గోరింటాకు వేడుకల్లో ఆడవాళ్లు పాటలు పాడుతుంటే, చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒక మీట కొంచెం తిప్పి, "ఇప్పుడేం మారిందో చెప్పు" అని అడిగేవాడు. చెప్పలేకపోతే నెత్తిన మొట్టేవాడు. యుద్ధంలో ఒక శీతాకాలం పిండి బస్తా కోసం వెళ్లిన రాఘిబ్ తిరిగి రాలేదు. స్పీకర్లు అంతకుముందే ఇంటితోపాటు పోయాయి. మిగిలినవి అతని హెడ్‌ఫోన్లు. పెళ్లి హోరును కూడా చెవుల దాకా రానివ్వని మందపాటి మెత్తలున్నవి. అప్పటినుంచి అవి హనాదీ మెడలోనే ఉన్నాయి. హారం వేసుకోవలసిన వయసులో వైర్లు వేసుకుందని చుట్టుపక్కల ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వనీ, వాళ్లకు మాత్రం నవ్వడానికి ఇంకేముంది కనుక.

ఆమె చదివిన యూనివర్సిటీ ఇప్పుడు రాళ్ల గుట్ట. ఆ తర్వాత చేరింది నిదాల్ మాస్టారి దగ్గర. సోలార్ పలకల పక్కన ఒక పెద్ద గుడారం వేసి, ఊళ్లో కుర్రకారుకు ఆయన కంప్యూటర్ పనులు నేర్పుతాడు. ఒకరు గల్ఫ్‌లో దుకాణానికి వెబ్‌సైటు కడతారు, ఒకరు ఎక్కడో ఉన్న ఆసుపత్రికి యాప్ బొమ్మలు గీస్తారు. మనిషి సరిహద్దు దాటలేని చోట దాటగలిగే సరుకు అదొక్కటే. హనాదీ ధ్వని శుభ్రం చేసే పని నేర్చుకుంది. రికార్డు చేసిన గొంతుల్లోంచి దగ్గులూ తుమ్ములూ కుర్చీల కిర్రులూ ఏరి పారెయ్యడం. పప్పులో రాళ్లు ఏరినట్టే, కాకపోతే చెవితో.

ఇన్నాళ్లూ చిల్లర పనులే. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ చలికాలం మాత్రం జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో పిల్లల కథలు రికార్డు చేసే ఒక సంస్థ నెల జీతం మీద ఒక మనిషిని తీసుకుంటామంది. అద్దె గదిలో తల్లీ కూతుళ్లు ఇద్దరే. తండ్రి ఎప్పుడో పోయాడు, అన్న మొన్న పోయాడు. నెల జీతం అంటే ఇక రొట్టె కోసం ఎవరి లైన్లోనూ చెయ్యి చాపనక్కర్లేదు. హనాదీకి ఆ ఉద్యోగం కావాలి. అంత గట్టిగా ఆమె చాలాకాలంగా దేన్నీ కోరుకోలేదు.

పరీక్షగా ఒక కథ పంపారు. ముసలమ్మ మేకపిల్లకు చెప్పే కథ. చదివినావిడ గొంతు బాగుంది గానీ దగ్గులు ఎక్కువ. దగ్గును కోసేస్తే అక్కడ గొయ్యి పడుతుంది, వినేవాళ్ల చెవి అక్కడ తట్టుకుని పడుతుంది. ఏ గదికి ఆ గది నిశ్శబ్దం వేరుగా ఉంటుంది. మాటలేమీ లేకుండా ఆ గదిని కాసేపు ఊరికే రికార్డు చేసి, ఆ నిశ్శబ్దాన్ని తెచ్చి గోతుల్లో పూడుస్తారు. అమ్మాన్ వాళ్లు తమ గది నిశ్శబ్దాన్ని కూడా పంపారు గానీ, ఆ రోజు ఇంటర్నెట్టు కుంటి గాడిద, అది సగంలోనే ఆగిపోయింది. మళ్లీ పంపమని అడగడానికి హనాదీకి మొహమాటం. మన దగ్గర నిశ్శబ్దానికేం కరువు అనుకుంది. పరుపులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, దుప్పటి కప్పుకుని, మైకు పట్టుకుని లోపల దూరింది.

"పరుపుల కింద ఏం వెతుకుతున్నావే?" అంది తల్లి ఉమ్ము రాఘిబ్. రాఘిబ్ తల్లి అని ఆ పిలుపుకు అర్థం, అక్కడ తల్లుల్ని కొడుకు పేరుతోనే పిలుస్తారు.

"నిశ్శబ్దం రికార్డు చేస్తున్నానమ్మా. మాట్లాడకు."

"నిశ్శబ్దాన్నా? దాన్ని కూడా కొంటారా? ఆ ముక్క ముందే తెలిస్తే మీ నాన్న బతికున్నప్పుడు బస్తాలకొద్దీ అమ్మేదాన్ని. ఆ మనిషి నోరు విప్పితేగా!"

నవ్వాపుకుని మళ్లీ మొదట్నుంచీ రికార్డు చెయ్యాల్సి వచ్చింది. దగ్గులన్నీ తీసి, గోతులన్నీ పూడ్చి, నిదాల్ మాస్టారికి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అద్దంలా ఉందమ్మా. పంపించెయ్."

మర్నాడే అమ్మాన్ నుంచి ఫోను వచ్చింది. సంస్థను నడిపే సుహాద్ మేడమ్.

"ఎలా ఉన్నావమ్మా? అక్కడంతా బాగేనా?"

"దేవుడి దయ మేడమ్. అంతా బాగే."

గాజాలో ఆ ప్రశ్నకు జవాబు అదొక్కటే. ఇల్లు ఉన్నా అదే, కూలినా అదే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అక్కడ పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు.

"మంచిది. దగ్గులు చక్కగా తీశావు, అతుకు తెలియలేదు. కానీ మాటకీ మాటకీ మధ్య ఆ గుయ్యిమనే రొద ఏంటి?"

"రొదా? ఏ రొద మేడమ్?"

"ఫ్రిజ్ పక్కన కూర్చుని చేశావా ఏంటి?"

హనాదీకి నవ్వొచ్చింది. "కరెంటుంటే కదా మేడమ్! మా గదిలో ఫ్రిజ్ ఉంది గానీ దాంట్లో బట్టలు సర్దుకున్నాం."

"పోనీ జనరేటరా?"

"లేదండీ. ఏ చప్పుడూ లేదు. ఒట్టు."

 అవతలి గొంతు కొంచెం మారింది. "చూడు తల్లీ, తప్పయితే దిద్దుకోవచ్చు. నేను ఉందంటుంటే నువ్వు లేదంటున్నావు. నీ మాట అబద్ధమని నేననను. కానీ ఇంత రొద వినపడని మనిషికి ఈ పని ఎలా ఇవ్వను? ఇవి పసివాళ్లు వినే కథలు. మా చిన్నది విని, మేకపిల్ల ఇంటి మీద ఏం తిరుగుతోందమ్మా అనడిగింది. రేపు సాయంత్రానికి నేను ఎవరో ఒకరికి మాట ఇచ్చెయ్యాలి."

హనాదీకి తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది, చెవులే పోయాయా? పక్కవీధి మీద బాంబు పడిన రోజు చాలాసేపు చెవులు హోరెత్తాయి. అప్పుడేమైనా అయిందా? పరుగున ఇంటికెళ్లి హెడ్‌ఫోన్లు తల్లి చెవులకు పెట్టి కథ వినిపించింది.

"ముసలమ్మ గొంతు తీయగా ఉందే" అంది ఉమ్ము రాఘిబ్.

"గొంతు కాదమ్మా. మధ్యలో ఏమైనా వినపడుతోందా?"

"మధ్యలో ఏముంటుంది? ఏమీ లేదు."

గుడారంలో నిదాల్ మాస్టారు మళ్లీ విన్నాడు. పక్కన కోడ్ రాసుకుంటున్న ఇద్దరు అమ్మాయిలూ విన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. మాస్టారికి ఒళ్లు మండింది.

"పని ఇవ్వడం ఇష్టం లేక వంకలు! గాజా వాళ్లంటే అందరికీ లోకువే."

హనాదీకి ఆ మాట రుచించలేదు. సుహాద్ మేడమ్ గొంతులో వంక లేదు, ఆ మాత్రం చెవి తనకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ధ్వనిని రంగుల్లో చూపించే బొమ్మ ఒకటుంటుందని. పాము చెవుల గర్వంతో ఆమె దాన్ని ఎప్పుడూ తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. మాట ఉన్నచోట రంగులు, లేనిచోట నలుపు ఉండాలి. తను పూడ్చిన ప్రతి గోతిలోనూ, గోడ అడుగున చెమ్మ ఎక్కినట్టు, సన్నటి చార ఒకటి ఉంది. మిగతాదంతా తీసేసి ఆ చారను మాత్రం ఉంచి, ధ్వని పెంచి, హెడ్‌ఫోన్ల వైరు పీకేసింది.

గుయ్యిమని రొద.

గుడారంలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తలెత్తి పైకి చూశారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ వైపు చూశారు. తర్వాత మళ్లీ పైకి. రొద రెండు చోట్ల నుంచీ వస్తోంది.

పగలూ రాత్రీ నెత్తిన తిరిగే సైన్యం డ్రోన్ కిందికి దిగితే ఊరంతా తిడుతుంది, చెవిలో జోరీగ అని శాపనార్థాలు పెడుతుంది. పైకెక్కి రొద పలచబడితే మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దాన్నే ప్రశాంతత అనుకుంటారు. హనాదీ పరుపుల కింద దూరి, మైకు పట్టి, అమ్మాన్ పిల్లలకు పంపిన ప్రశాంతత అదే.

నిదాల్ మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "నేనూ విన్నానుగా. అద్దంలా ఉందన్నాను."

"మన అద్దాలన్నీ ఇలాగే ఉన్నాయి మాస్టారూ."

"సరేలే. ఆవిడకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్పను. ఏడుపు అమ్ముకున్నట్టుంటుంది. జాలిపడి ఇచ్చే పని నాకొద్దు."

మాస్టారు గయ్యిమన్నాడు. "జాలట జాలి! వేరే గది నిశ్శబ్దం తెచ్చి పూడ్చడం తప్పా కాదా? తప్పే. అది నీ తప్పు. ఎందుకు జరిగిందో చెప్పకపోతే రెండో తప్పు. అంతా బాగే అని నువ్వేగా ఆవిడతో చెప్పావు? అంతా బాగుంటే మరి రొద ఎక్కడిది? ఆవిడేమైనా జోస్యం చెప్పేదా?"

హనాదీ గుడారం బయట నిలబడి చాలాసేపు మింగలేక కక్కలేక ఉండిపోయింది. చివరకు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తన మాట రికార్డు చేసి పంపింది. "మేడమ్, ఇందాక అంతా బాగే అన్నాను. మా దగ్గర అందరూ అలాగే అంటారు. మీరన్న రొద ఉంది. మా ఇంటి మీద తిరిగే డ్రోన్‌ది. నాకు అది వినపడటం మానేసింది, మానేసిన సంగతి కూడా నాకు తెలియదు. చెవికి తెలియకపోతే కంటితో చూసి తీస్తాను. మీ గది నిశ్శబ్దం కొంచెం ముక్కైనా మళ్లీ పంపండి."

జవాబులో అయ్యో పాపం లేదు. అందుకు హనాదీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. చిన్న ఫైలొకటి వచ్చింది, కింద ఒకే మాట: "రేపు సాయంత్రం దాకా ఆగుతాను."

ఇక కూర్చుంది. ఒక్కో గొయ్యీ తవ్వి తన నిశ్శబ్దాన్ని తీసి, అమ్మాన్ నిశ్శబ్దాన్ని పోసింది. ముందు బొమ్మలో చారను చూడటం, తర్వాత దాన్ని వినడానికి చెవి రిక్కించడం. చూసి వినడం, విని చూడటం. మర్నాడు మధ్యాహ్నానికి బొమ్మ వైపు చూడకుండానే చెవి దాన్ని పట్టేస్తోంది. రాఘిబ్ పక్కన కూర్చుని "ఇప్పుడేం మారిందో చెప్పు" అంటున్నట్టే ఉంది. ఫైలు తెగుతూ ఆగుతూ చివరకు వెళ్లింది. పొద్దు వాలకముందే సుహాద్ మేడమ్ ఫోన్ చేసింది. "ఒకటో తారీఖు నుంచి చేరిపో. మా చిన్నదానికి మేకపిల్ల ఇంటి మీద ఏమీ వినపడలేదట."

గుడారంలో చప్పట్లు మోగాయి. నిదాల్ మాస్టారు టీలో చక్కెర వేయించాడు, అదే విందు.

ఇంటిదారి పట్టాక గానీ హనాదీకి తెలియలేదు. రొట్టెల లైను పక్కనుంచి వెళ్తుంటే వినపడింది. పిల్లల ఆటల మీద, బండివాడి కేకల మీద, మసీదు పిలుపు అడుగున, అంతటా అదే. నిన్నటిదాకా లేనిది కాదు, నిన్నటిదాకా తనకు లేనిది. చెవులు మూసుకుంది, తీసింది. అక్కడే ఉంది. ఇన్నాళ్లూ తన మీద దయతలచి చెవి తనకు తానుగా వేసుకున్న తలుపును, జీతం కోసం తనే తీసేసింది. ఇక అది మూసుకునేట్టు లేదు. ఉద్యోగం వచ్చిన రోజున ఏడుపేమిటని తనను తాను తిట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

ఉమ్ము రాఘిబ్ గుమ్మం ముందు కూర్చుని కూరాకు ఏరుతోంది. కబురు వినగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టి, నాలుక ఆడిస్తూ పెళ్లిళ్లలో పెట్టే కూత పెట్టింది. కొడుకు పోయాక అదే మొదలు. అది సగంలోనే ఆగిపోయింది.

"ఏదీ, ఆ అమ్మాన్ నిశ్శబ్దమేదో నన్నూ విననీ. మనది పనికిరాదన్నారుగా. వాళ్లది ఏపాటి గొప్పో చూస్తాను."

హనాదీ రాఘిబ్ హెడ్‌ఫోన్లు తీసి తల్లి చెవులకు పెట్టింది. ఆ ఫైలు నొక్కి, ఆగకుండా మళ్లీ మళ్లీ వచ్చేట్టు పెట్టింది. ఉమ్ము రాఘిబ్ ఎదురుచూస్తున్నట్టు ముఖం పెట్టుకుని కూర్చుంది.

"ఇందులో ఏమీ లేదేంటే?" అంది గట్టిగా.

"అదేనమ్మా."

"దీనికా జీతం!"

అంది గానీ, హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఆకు మీద చేతులు ఆగిపోయాయి. కళ్లు మూసుకుంది. భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఆమె భుజాలు అంత పైకి బిగబట్టుకుని ఉంటాయని హనాదీకి అప్పటిదాకా తెలియదు. చాలాసేపటికి ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. వెంటనే నొసలు ముడిచి, తల పైకెత్తి అటూ ఇటూ చూసింది.

"ఇదేంటే, ఈ రొద? ఇది ఎప్పుడొచ్చింది?"

 హనాదీ దాన్ని వినిపించకుండా ఉండవలసింది. పెట్టనా వద్దా అని ఒక్క క్షణమైనా ఆలోచించవలసింది.

"ఇప్పుడేనమ్మా" అంది. "ఇప్పుడే వచ్చింది. వెళ్లిపోతుందిలే."

ఉమ్ము రాఘిబ్ కాసేపు ఆకాశం వంక చూసింది. తర్వాత కొడుకు హెడ్‌ఫోన్లు తనే తీసుకుని మళ్లీ చెవులకు పెట్టుకుని, ఆకు ఏరడం మొదలుపెట్టింది.