అమ్మమ్మ పాటకు వరుస

ఆ ఆదివారం ప్రార్థనా మందిరంలో మైకు నా చేతిలోనే ఉంది. సూర్యాపేటలో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి వేములపల్లి పక్కన మా ఊరికి వస్తాను, ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తాను. ఇంటర్ నుంచీ ఇదే అలవాటు. ఆ పొద్దున పాడుతున్నది మా అమ్మమ్మ కట్టిన పాట. ఆమెకు అక్షరం రాదు. బతుకు మొత్తంలో కట్టింది ఆ ఒక్క పాటే. మా సంఘం పాటల నోట్‌బుక్కులో దానిది ముప్పైరెండో నంబరు.

పొద్దు పొడవకముందే పిలిచినవు దేవా...

రెండో చరణం అయిపోయి మళ్లీ పల్లవికి వస్తున్నాం. బయట రోడ్డు మీద సర్పంచ్ అభ్యర్థి ప్రచారం ఆటో వచ్చి మందిరం కిటికీల ముందే ఆగింది. ఎదురుగా వడ్ల ట్రాక్టరు, పక్కకు జరగడానికి చోటు లేదు. ఆటో మీది స్పీకర్లు పాడుతున్నాయి:

ఓటు వెయ్యకముందే గెలిచినవు అన్నా...

అదే వరుస. మా దిక్కు పాట ట్యూన్‌ను వరుస అనే అంటారు. తాళం అదే, సాగదీసే చోటూ అదే. వారం రోజులుగా సూర్యాపేట బస్టాండు నుంచి మిర్యాలగూడ దాకా ఎక్కడ విన్నా ఆ పాటే, ఊరుకో అభ్యర్థి పేరు మార్చి వేస్తున్నారు. నా నాలుక నా మాట వినలేదు. కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, మైకులో గట్టిగా "గెలిచినవు దేవా" అన్నాను.

వెనక చాపల మీద నవ్వు మొదలై ముందు చాపల దాకా వచ్చింది. నేనూ నవ్వాను. దేవుడు గెలిచాడనడంలో తప్పేముంది అని కూడా అనుకున్నాను. సాయంత్రానికి ఆ పది సెకన్ల వీడియో ఊళ్లో సగం మంది స్టేటస్‌లో ఉంది. కింద రాసి ఉంది: "మందిరం ఓట్లు అన్నకే." రాత్రి ప్రార్థనకు ముందు రెండో అభ్యర్థి మనిషి వచ్చి మా పాస్టర్ గారిని నవ్వుతూనే అడిగాడట, "ఇగ మీరంతా ఆ దిక్కేనా అయ్యగారూ" అని.

అయ్యగారిది కోదాడ అవతల ఊరు. మా దగ్గరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. మెత్తటి మనిషి, కానీ ఎన్నికలంటే భయం. పోయిన చోట ఇట్లాంటి మాట ఒకటి పుట్టి సంఘం రెండుగా చీలిందని విన్నాం. ఆ రాత్రి ప్రార్థనలోనే ఆయన నోట్‌బుక్కు తీసి ముప్పైరెండో నంబరు మీద పెన్నుతో అడ్డగీత గీశారు. కొన్నాళ్ల పాటు ఇది వద్దు అన్నారు. కొన్నాళ్లకైతే గీత ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మమ్మ ముందు చాప మీద కూర్చుని ఆ పెన్ను వైపే చూస్తూ ఉంది.

మూడు రోజులకు, బుధవారం, అమ్మ ఫోన్ చేసింది. అమ్మమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే ఎప్పుడూ ఉండే కూనిరాగం లేదట. రోజూ రాత్రి ప్రార్థనకు పోతోందట, పాటలప్పుడు నోరు విప్పడం లేదట. ఒంట్లో బాగా లేదా అంటే "మంచిగనే ఉన్న" అంటోందట. తప్పు చేసింది నేను, గీత పడింది ఆమె పాట మీద. ఆ వరుస ఏ పార్టీదీ కాదని రుజువు చేస్తే అయ్యగారు ఒప్పుకుంటారని నాకు అనిపించింది. చదువుకున్న పిల్లకు వచ్చే ఆలోచన అది, ఏ గొడవైనా ఆధారాలతో తీరుతుందని.

మొదటి ఆధారం నా హాస్టల్ గదిలోనే దొరికింది. నా రూమ్మేట్ ఒక సినిమా హీరోకు అభిమాని. ఆయన పుట్టినరోజుకు రక్తదానం చేస్తుంది, ఆయన సినిమా బాగా ఆడకపోతే అన్నం మానేస్తుంది. నేను వరుస కూనిరాగం తియ్యగానే, అది మా అన్న పాట గదా అని ఫోన్‌లో పెట్టి చూపించింది. నిజమే. వంద మంది వెనకాల ఎగురుతుండగా అదే వరుస. అమ్మమ్మ పాట సినిమా వరుసలో కట్టిందని తేలితే, ఆ గీత ఇక చెరగదు. కానీ సినిమా వచ్చి నాలుగేళ్లు కూడా కాలేదు. అమ్మమ్మ పాట మా అమ్మ పుట్టకముందుది. కొంచెం ఊపిరి వచ్చింది.

నేను ఊపిరి పీల్చుకుంటుంటే రూమ్మేట్ అడిగింది, "నువ్వు ఎన్నడూ చూడని దేవుణ్ని తండ్రీ అంటవ్. నేను తెర మీదన్న చూసినోణ్ని అన్నా అంటే నీకు నవ్వొస్తదా?"

నేను ఎన్నడూ నవ్వలేదు, ఆమెకు అట్లా అనిపించిందేమో. సండే స్కూల్లో ఏ ప్రశ్నకైనా బైబిలు వాక్యం వల్లించి జవాబు చెప్పే అలవాటు నాది. ఈసారి మాత్రం ఆ ప్రశ్నను క్లాసుకు మోసుకుపోయాను. క్లాసులో కూడా అప్పుడు ఇదే పాఠం నడుస్తోంది: ఒకరినొకరు చూడని మనుషులు మేమంతా ఒక్కటే అని ఎట్లా నమ్ముతారు? సార్ దేశం గురించి, జెండా గురించి చెప్తున్నాడు. నేను మాత్రం నోట్సు అంచున రాసుకుంటూ పోయాను: సర్పంచ్ అభ్యర్థి అన్న. హీరో అన్న. సంఘంలో అందరూ అక్కలు, అన్నలు. బస్సులో కండక్టర్ నన్ను చెల్లె అంటాడు. అందరూ వరుసలు కలుపుతూనే ఉన్నారు. ఎవరు కలిపింది నిజం?

శుక్రవారం క్లాసు ఎగ్గొట్టి కోదాడ పోయాను. ప్రచారం పాట చివర దాన్ని తయారుచేసిన స్టూడియో వాళ్లు తమ పేరు చెప్పుకుంటారు, దాన్ని పట్టుకుని వెతికాను. బండ్ల విడిభాగాల దుకాణం మీద ఒక గది. శబ్దం బయటకు పోకుండా గోడలంతా గుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. నడివయసు మనిషి కంప్యూటర్ ముందు టీ తాగుతున్నాడు. క్రిస్మస్ పాటలు, అయ్యప్ప పాటలు, పెళ్లి డీజే పాటలు, అన్ని పార్టీల పాటలు ఆ గదిలోనే పుడతాయని గొప్పగా చెప్పాడు. నేను వచ్చిన పని చెప్పేసరికి పెద్దగా నవ్వాడు.

"ట్యూన్‌కి ఆధార్ కార్డు ఉంటుందా చెల్లెమ్మా? సినిమా వాళ్ల దగ్గర నేను తీసుకున్నాను. వాళ్లు ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్లని అడుగు."

ఆయన కూడా చెల్లెమ్మా అనే పిలిచాడు. కానీ నేను లేచి వెళ్తుంటే ఒక మాట అన్నాడు. ప్రచారం పాట పాడిన ఆయన, సినిమా రాకముందే ఈ వరుస తనకు తెలుసన్నాడట. వాళ్లమ్మ వరినాట్లప్పుడు పాడేదట.

నాట్లు. అమ్మమ్మ నడుము వంగిందే నాట్లలో. ఆధారం కోసం కోదాడ దాకా పోయాను, ఇంట్లో మనిషిని అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. బహుశా అక్షరం రాని మనిషి దగ్గర రుజువు ఉంటుందని నా చదువుకు తోచలేదు.

శనివారం ఇంటికి రాగానే అడిగాను. అమ్మమ్మ ముందు తలుపు దగ్గరికి వేసి రమ్మంది. అది నాటు పాటే. మడిలో ఆడవాళ్లు ఒక వరుసలో నిలబడతారు. చివరున్న ఆమె పక్కామెను వరుస పెట్టి పిలుస్తూ ఒక చరణం అందుకుంటుంది: పొద్దు పొడవకముందే పొలమొచ్చిన వదినా. ఆ పిలిచిన ఆమె పలికి తన చరణం కట్టి తన పక్కామెను పిలవాలి. అత్తా, పిన్నీ, మరదలా. పలకడం ఆలస్యమైతే ఆమె నాటు వెనకబడుతుంది, ఇక నవ్వులే.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అమ్మమ్మా?"

"మూడో చరణం సంగతి నీకెర్క లేదు" అని కొంగుతో మూతి దాచుకుంది. కాస్త బతిమాలితే చెవిలో చెప్పింది. వదినను మరదలు ఆట పట్టించే చరణం. దాన్ని ఇక్కడ రాయలేను, రాస్తే మా అమ్మ చదువుతుంది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. ప్రచారం పాట అని గీత గీసిన ఆయనకు, కాదు సరసాల పాట అని చెప్పాలా? చెప్పకుండా ఉండొచ్చు. ఎన్నికలయ్యాక గీత దానంతటదే మరుగున పడొచ్చు. కానీ అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న ఆజ్ఞ నేను సండే స్కూల్లో పిల్లలకు నేర్పిస్తాను. సగం దాచడం దాని కిందికి వస్తుందా రాదా అని కూడా ఆలోచించాను. ఆ పాటను మందిరంలో ఎట్లా పాడబుద్ధి అయింది నీకు అని అమ్మమ్మనే అడిగాను.

ఆమె కోపం చేసుకోలేదు. "ఒకనాడు మడిలోనే వాక్యం యాదికొచ్చింది బిడ్డా. నేను ఆయన్ను పిలవలే. ఆయనే పిలిచిండు. పిలిస్తే పలకాలె గదా. నాకు పలకనీకె వచ్చిన వరుస గదొక్కటే."

ఇంకో మాట కూడా అంది. "ఆటోల తిరిగే ఇద్దరున్నరు సూడు, ఆ ఇద్దరి నాయినల పొలాల్లో నాటేసిన. రెండు తావుల్ల ఇదే పాట పాడిన. అయ్యగారికి గది చెప్పు. మూడో చరణం చెప్పకు."

సాయంత్రం అయ్యగారింటికి పోయాను. ఆయన భార్య టీ ఇచ్చింది. సినిమా సంగతి, స్టూడియో సంగతి, మడి సంగతి అంతా చెప్పాను. మూడో చరణం ఉందని చెప్పాను, అది ఆయన వినేది కాదని కూడా చెప్పాను. ఆయన గ్లాసు చేతుల్లో తిప్పుతూ, వాళ్లమ్మ కూడా నాట్లకు పోయేదని, ఆమె పాటలు ఒక్కటీ తనకు గుర్తులేవని అన్నారు. తర్వాత తన భయం దాచకుండా చెప్పారు. పాట మంచిదే కావచ్చు, పోలింగ్‌కు ముందు పాడితే ఊరు ఊరుకోదు. పోలింగ్ అయ్యాక పాడితే, గెలిచినవాడి కోసం పాడారంటారు.

"అయితే ఎప్పుడు పాడినా ఏదో ఒకటి అంటరు అయ్యగారూ" అన్నాను.

"అంటారమ్మా" అన్నారు. ఇంకో గుక్క తాగారు. "అంటే ఎప్పుడైనా పాడొచ్చన్నమాట. రేపు ముందు నువ్వు లేచి ఈ సంగతి సాక్ష్యంగా చెప్పు. ఆ తర్వాత పాడదాం."

మరునాడు మైకు పట్టుకున్నాను. మొదట వీడియోలో ఉన్న తప్పు నాదని ఒప్పుకున్నాను. తర్వాత మా ఊరి మడుల్లో పుట్టిన నాటు పాట అని చెప్పబోతుంటే, మా అమ్మమ్మ వయసున్న ఒక ముసలామె చాప మీంచే అడ్డుపడింది. అది మా తల్లిగారి ఊరు దామరచర్ల పాట, నేనే కాపురానికి వచ్చినప్పుడు తెచ్చిన అంది. ఇంకొకామె కాదు, మా మేనత్త నేర్పింది అంది. నా పరిశోధన అక్కడితో చెదిరిపోయింది. అందరూ నవ్వుతున్నారు. అయ్యగారు కూడా నవ్వుతున్నారు. ఇద్దరు అభ్యర్థుల పొలాల సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వు ఆగింది. ఆ పొలాల్లో నాటేసిన వాళ్లు ఆ చాపల మీద చాలామంది ఉన్నారు.

అయ్యగారు ముప్పైరెండు అన్నారు. కీబోర్డు అబ్బాయి సినిమా పద్ధతిలో మొదలుపెట్టాడు. అమ్మమ్మ చెయ్యెత్తి వద్దంది. లేచి నిలబడి, చప్పట్ల తాళంతో తానే అందుకుంది. పల్లవి అయ్యాక పక్కామె వైపు తిరిగి "అక్కా" అని పిలిచింది. ఆమె పలికింది. ఆమె తన పక్కామెను పిలిచింది. నోట్‌బుక్కులో లేని చరణాలు వచ్చాయి, కొడుకు జ్వరం తగ్గిన సంగతి, బావిలో నీళ్లు పడ్డ సంగతి. పిలుపు ఆడవాళ్ల చాపలు దాటి మగవాళ్ల వైపు పోయింది. అయ్యగారి వంతు వచ్చింది. ఆయనకు చరణం కట్టడం రాలేదు. చివరికి "అమ్మా" అని మాత్రం పలికారు. అమ్మమ్మ ఆయన బదులు చరణం కట్టి పూర్తి చేసింది.

నేను రూమ్మేట్ ప్రశ్న తలుచుకుంటూ నిలబడ్డాను. వరుస కలపడం ఎవరికైనా వస్తుంది, పిలిస్తే పలకడం దగ్గరే అసలు సంగతి అనిపించింది. గొర్రెలు తమ కాపరి స్వరాన్ని గుర్తుపడతాయని వాక్యం. అక్కడి స్వరం పాట వరుస కాదేమో, పేరు పెట్టి పిలిచే గొంతేమో. వరుస ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. సోమవారం హాస్టల్‌కు పోయి ఇది చెప్తే ఆమె ఒప్పుకోలేదు, వాళ్ల అన్న ఒకసారి ఒక అభిమాని ఉత్తరానికి జవాబు రాశాడట. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ ఆదివారం మందిరంలో పాట చివరికి వచ్చింది. బయట ఏ ఆటో లేదు. అమ్మమ్మ నా వైపు ఒకసారి చూసి, పల్లవిని మార్చి పాడింది.

పొద్దు పొడవకముందే గెలిచినవు దేవా...

మందిరమంతా ఆమెకు పలికింది. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. అయ్యగారు చూశారు, ఆపమనలేదు. ఆరాధన అయ్యాక నోట్‌బుక్కు చూశాను. గీత అట్లాగే ఉంది. దాని కింద ఆయన కొత్త పల్లవి రాసి, పక్కన చిన్నగా ఇట్లా పెట్టారు: వరుస, నాటు పాట.