ఇద్దరికే టేబుల్

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ సామెత కట్టినవాడు కచ్చితంగా మగవాడే. మా అత్తవారింట్లో వడ్డించేదీ నేనే, కడబంతిలో కూర్చునేదీ నేనే. గరిటె నా చేతిలోనే ఉన్నా నా కంచంలోకి చేపముక్క వచ్చిన రోజులు తక్కువ. పులుసు మిగిలేది, గిన్నెకి అంటుకున్న అన్నం మిగిలేది. వాటితోనే కానిచ్చేసేదాన్ని.

అత్తవారిది గజపతినగరం దగ్గర పల్లె. వరీ, నువ్వులూ, చోళ్లూ పండించే ఇల్లు. మనుషులు చెడ్డవాళ్లు కారు. కొత్త కోడలినని నన్ను పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. కానీ ముందు మగవాళ్ల బంతి, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఇంటి ఆడపడుచులు, ఆఖరికి కోడళ్లు. ఇలాగే జరగాలని ఎవరూ చెప్పరు, దానంతటది జరిగిపోతుంది. ఎవరైనా చెప్పి ఉంటే కనీసం వాళ్లతో పోట్లాడేదాన్ని.

శ్రీకాకుళంలో కాపురం పెట్టాక మారుతుందనుకున్నాను. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను, ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లమే, ఇద్దరం అలిసిపోయి వచ్చేవాళ్లమే. జిల్లా కేంద్రం కాబట్టి కోర్టు పనికో, ఆసుపత్రికో, పిల్లల కాలేజీ సీటుకో బంధువులు ఎవరో ఒకరు బస్సు దిగేవారు. సరిగ్గా అన్నాల వేళకే దిగేవారు.

"ఎవులొస్తారో తెల్దు కదా, నువ్వు తర్వాత తిందువులే" అనేవారు ఆయన, కంచం ముందు కూర్చుంటూ.

ఎవరూ రాని రోజున కూడా ఆ మాటే. ఆయన తిని లేచాక కంచం తీసి, నా కంచం పెట్టుకుని, గోడని చూస్తూ తినేదాన్ని. హోటళ్లకి వెళ్లలేదా అంటే వెళ్లాం, బంధుబలగంతో. అక్కడా ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూడటం నా పనే. పెళ్లినాడు కొత్త బట్టల్లో పక్కపక్కన కూర్చోబెట్టి తినిపించారే, అదే మొదలు, అదే ఆఖరు. తర్వాత పాతికేళ్లలో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చుని, ఇంకెవరో వడ్డిస్తుంటే తిన్న పూట లేదు.

నాకు కావలసింది అదే. నగా కాదు, చీరా కాదు. ఒక్క పూట.

భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని ఊరూరా చెప్పుకుంటున్న రోజుల్లో మేం యూరప్ టూరుకి బయల్దేరాం. "భోగాపురంలో ఇమానం ఎగిరీదాకా ఆగితే మన మోకాళ్లు లెగవు" అని ఆయనే తొందరపెట్టారు. విజయనగరంలో ఉండే ఆయన అక్కా, బావగారూ కూడా మాతో వచ్చారు. నాకు వాళ్లు వదినా, అన్నయ్యా అవుతారు. టూరు వాళ్లు మాతో పాటు ఒక వంటవాణ్ణి కూడా తెచ్చారు. ఏ దేశంలో దిగినా అన్నం, పప్పు, ఆవకాయ. ఆ ప్రయాణమంతటిలో ఒకే ఒక్క సాయంత్రం వంట ఉండదని, ఎవరికి నచ్చింది వాళ్లు తినొచ్చని ముందే చెప్పారు. ఇటలీలో, నది ఒడ్డున ఉన్న ఒక పాత పట్నంలో. చూసుకుంటే అది మా పెళ్లిరోజు.

బయల్దేరడానికి చాలా ముందే, మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్టాఫ్‌రూములో కూర్చుని ఫోనులో ఆ ఊరి హోటళ్లు వెతికాను. అక్కడి చిన్న హోటళ్లలో ముందుగా టేబుల్ చెప్పుకోకపోతే గుమ్మంలోంచే పంపేస్తారని చదివాను. మన దగ్గర బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మనది. ఇదీ అలాంటిదే అనుకున్నాను, కాకపోతే శ్రీకాకుళంలో కూర్చుని ఇటలీలో కుర్చీ మీద తువ్వాలు వెయ్యడం.

నచ్చిన హోటల్ పేజీ తెరిస్తే పేరు అడిగింది. నా పేరు కొట్టాను. ఎంతమంది అని అడిగింది. ఇద్దరు అని నొక్కబోతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు వేలు ఆగింది. మా ఇంట్లో ఎంతమందికి వండాలంటే ఎవరూ అంకె చెప్పరు, ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యమంటారు. అయినా నొక్కాను. విశేషమేమైనా ఉందా అంటే పెళ్లిరోజు అన్నచోట టిక్కు పెట్టాను. ఇంకేమైనా చెప్పాలా అంటే, కిటికీ పక్కన, నది కనిపించేలా, ఎదురెదురు కుర్చీలు కావాలని రాశాను. రాసి చెరిపి మళ్లీ రాశాను.

వెంటనే జవాబొచ్చింది. మీ టేబుల్ మీకోసం ఎదురుచూస్తుంటుంది అని ఉంది అందులో. యంత్రం పంపిన మాటే అని నాకు తెలుసు. కానీ మా గేటు మీద ఉన్నది ఆయన పేరు, మా ఇంటికొచ్చే శుభలేఖల మీద ఉండేదీ ఆయన పేరే. నా పేరు మీద ఎక్కడో ఒక టేబుల్ ఎదురుచూస్తోందంటే సంతోషం వేసింది. సిగ్గెందుకు, చాలా సంతోషం వేసింది.

ఇంటికొచ్చి ఆయనకి చూపించాను.

"ఓటల్లో తినడానికి ఇప్పట్నుంచి ఏటే? సరే, నీ సరదా" అన్నారు.

"మనిద్దరమేనండీ" అన్నాను.

"మనిద్దరమేలే."

ఆ మాటని నమ్మాను. నమ్మి, ముడత పడకుండా పొందూరు చీర ఒకటి పెట్టె అడుగున పెట్టుకుని బయల్దేరాను.

ఆ సాయంత్రం చీర కట్టుకుని బస నుంచి కిందికి దిగేసరికి వదినా, అన్నయ్యా తయారై నిలబడి ఉన్నారు. వదిన తలలో ప్లాస్టిక్ పూలు కూడా పెట్టుకుంది. ఆయన్ని పక్కకి పిలిచాను.

"బుక్ చేసింది ఇద్దరికేనండీ."

"అయితే ఏటి? బావని వదిలీసి మనం ఎల్తే ఏం బాగుంటాది? ఇంటల్లుడు కాదేటి? కుర్సీలేగా, ఇంకో రెండు లాక్కుంటాం. ఇస్తరాకు పక్కన ఇస్తరాకు ఎయ్యరేటి?"

ఆయన నిజంగానే అలా అనుకున్నారు. మా వైపు బంతిలో మనిషిని లెక్కపెట్టరు. ఒకరు ఎక్కువైతే మిగతావాళ్లు కాస్త జరిగి చోటిస్తారు. అల్లుడికైతే ముసలివాడైనా సరే మొదటి విస్తరి. ఇంతమంది తింటారని ముందే అంకె చెప్పి, ఆ అంకెకి కట్టుబడే భోజనం ఒకటుంటుందని ఆయనకి తట్టలేదు. నేను నచ్చజెప్పబోయేలోగా "రా బావా" అంటూ నడక మొదలుపెట్టారు.

హోటల్ చాలా చిన్నది. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి నా పేరు వినగానే నవ్వింది. కిటికీ పక్కన టేబుల్ చూపించింది. నది కనిపిస్తోంది. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో దీపం. నేను రాసింది రాసినట్టే చేశారు. ఆ తర్వాత నా వెనకున్న ముగ్గుర్నీ చూసి ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. మిగతా టేబుళ్లన్నీ నిండిపోయాయి, ఇంకో కుర్చీ వేస్తే వడ్డించేవాళ్లకి దారి ఉండదు, ఇద్దరే కూర్చోగలరు అని మర్యాదగానే చెప్పింది. ఆయనకి ఇంగ్లీషు ఆఫీసు కాగితాల వరకే. కాబట్టి అదంతా నేనే తెలుగులో చెప్పాను.

"అలాగా" అన్నారు ఆయన. క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే బావా, మనం కూకుందాం. ఆళ్లిద్దరూ తర్వాత తింతారు."

అదే గొంతు. శ్రీకాకుళంలో కంచం ముందు కూర్చుంటూ అనే గొంతే. కోపం లేదు, చులకన లేదు, అసలేమీ లేదు అందులో.

అన్నయ్య మాత్రం కాస్త తటపటాయించారు. "మరి ఆళ్లో?"

"ఆళ్లకేటి బావా, కాసేపు ఊరు సూస్తారు" అని అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి ఆయన నాతో అన్నారు, "ఆ పిల్లకి సెప్పు."

ఆ అమ్మాయి నా వైపే చూస్తోంది. టేబుల్ నా పేరు మీద ఉంది కాబట్టి నన్నే అడిగింది, కూర్చునే ఇద్దరూ ఎవరని. ఈ ఇద్దరూ అని మగవాళ్లని చూపించాను. ఇన్నేళ్లుగా పిల్లలకి నేర్పుతున్న ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, నేనే చెప్పాను. ఆ అమ్మాయి ఒకసారి నా మొహం, ఒకసారి నా చీర చూసి, వాళ్లని లోపలికి తీసుకెళ్లింది.

అక్కడే గట్టిగా అడగొచ్చు కదా అని మీరనొచ్చు. అన్నయ్య ముందు, వదిన ముందు, పరాయి దేశంలో నలుగురి ముందు ఎలా అడగను? మాకు చిన్నప్పట్నుంచీ నేర్పింది మర్యాద. మర్యాదంటే నోరు మూసుకోవాల్సింది ఎవరో ముందే తెలిసి ఉండటం.

ఎదురుగా నది గట్టు మీద పొట్టిగోడ ఉంటే వదినా నేనూ దాని మీద కూర్చున్నాం. ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. వదిన చేతిసంచీలోంచి జంతికల పొట్లం తీసింది. ఇంటి దగ్గర వండి తెచ్చిన జంతికలు.

"ఏటే అలాగ మొకం మాడ్సుకున్నావు? ఆళ్లు తినీసి వచ్చీస్తారు, అప్పుడు మనం కూకుందాం."

"అప్పుడు ఉండదు వదినా. వీళ్లు లేచాక ఆ టేబుల్ ఇంకెవరిదో."

వదిన ఇంకో జంతిక తీసుకుంది. "ఓలమ్మ. మరి వంటింట్లో ఏదో ఒకటి మిగుల్తాది కదా?"

అంతవరకూ నాకు ఆయన మీదే కోపం. ఆ మాటతో వదిన మీద కూడా వచ్చింది. ఆకలి వేస్తున్నా ఆవిడ మొహంలో ఏ బాధా లేదు. మిగిలింది తినడానికి సిద్ధపడి ఇంత దూరం వచ్చింది, అంతే. ఆవిడ అలా హాయిగా జంతికలు నములుతుంటే నాకు ఏడుపొచ్చింది. కళ్లలో దుమ్ము పడిందన్నాను.

కిటికీలోంచి వాళ్లిద్దరూ బాగా కనిపిస్తున్నారు. నా కుర్చీలో అన్నయ్య కూర్చున్నారు. ఒకతను వచ్చి వంగి వడ్డించాడు, నీళ్లు పోశాడు, ఖాళీ పళ్లాలు తీశాడు, మళ్లీ వడ్డించాడు. ఆయన ఒకసారి మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు. చివర్లో లోపల దీపాలు తగ్గించారు. ఒక చిన్న కేకు, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి తెచ్చి ఆ ఇద్దరి మధ్యా పెట్టారు. నేను పెట్టిన టిక్కు తాలూకు కేకు. పక్క టేబుళ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలియక బావాబామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి అన్నయ్య లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టారు. వదిన ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను!

బయటికొచ్చాక ఆయన మొహం వెలిగిపోతోంది. "బలే మర్యాద సేసినారే. మనూరోళ్లు కూడా అంత సెయ్యరు. కేకు కూడా పెట్టినారు, ఎందుకో మరి తెల్దు."

"ఇవాళ మన పెళ్లిరోజండీ" అన్నాను.

"అరె, అందుకా!" అని నుదురు కొట్టుకున్నారు. "నీకో ముక్క కట్టించుకుని వద్దామనే అనుకున్నాను. ఆళ్లకి ఇంగ్లీసులో సెప్పడానికి నువ్వు బయటున్నావు కదా."

నేను లోపలికి వెళ్లి, మాకిద్దరికీ తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగాను. ఆ టేబుల్ దగ్గర అప్పటికే ఇంకో జంట కూర్చుని ఉంది. ఆ రాత్రికి టేబుళ్లన్నీ ముందే చెప్పేసుకున్నారని, కట్టి ఇచ్చే పద్ధతి లేదని, క్షమించమని ఆ అమ్మాయి చెప్పింది. తప్పు తనదైనట్టు రెండుసార్లు చెప్పింది. ఆ మాట చెప్పాల్సినవాళ్లు బయట పళ్లు కుట్టుకుంటున్నారు. బసకి వెళ్లి వదినా నేనూ మిగిలిన జంతికలు తిని పడుకున్నాం.

మర్నాడు మేమింకా టూరు బస్సులో ఉండగానే నా ఫోనుకి మెయిల్ వచ్చింది, భోజనం ఎలా ఉందో చెప్పమని. చూసి వదిలేశాను. శ్రీకాకుళం తిరిగొచ్చాక ఒక ఆదివారం మళ్లీ వచ్చింది. మీరింకా చెప్పలేదు, మీ భోజనం ఎలా ఉంది, మీ మాట మాకు విలువైనది అని ఉంది. ఆ వేళకి ఆయన చేపల పులుసుతో తింటున్నారు. నేను గరిటె పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. పాతికేళ్లలో నా భోజనం ఎలా ఉందని నన్నెవరూ అడగలేదు. మొట్టమొదట అడిగింది ఒక యంత్రం, అదీ నేను తినని భోజనం గురించి.

"ఆ రోజు భోజనం ఎలా ఉందండీ?" అన్నాను.

"ఏ రోజు?"

"ఇటలీలో. కిటికీ పక్కన. నది దగ్గర. వాళ్లు అడుగుతున్నారు, చెప్పండి, రాస్తాను."

"అదా? బాగుందని రాసీ, ఏటి పోయింది. సప్పగా ఉన్నాది గాని. నీ సేతి పులుసు ముందల అదేటి!"

నన్ను మెచ్చుకున్నానని ఆయనకి గొప్ప సంతోషం. కంచం నా వైపు జరిపారు.

"ఇంకో ముక్క ఎయ్యి."

గిన్నెలో ఉన్నది ఒక్క ముక్కే. వేశాను.