మా అక్క నీళ్ళు తాగిన సంగతి

మా అక్కకు పొగరు పట్టిందని బంధువులంతా తీర్మానించేశారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఒకప్పుడు మా అక్క ఎవరింట్లోనైనా కూర్చుందంటే లేచేది కాదు. కుట్టుమిషను దుకాణం కట్టేసి ఇంటికి పోతూ పోతూ, దారిలో ఎవరు పలకరిస్తే వాళ్ళ గుమ్మంలోనే చతికిలబడి, ఆ ఇంటి కష్టసుఖాలన్నీ విని, రెండు తిట్లు, నాలుగు సలహాలు పంచి లేచేది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడంలో ఆ వీధిలో ఆవిడకు పోటీ లేదు. పిల్లలు ఏడాదిలో ఎంత పొడుగెదుగుతారో తల్లుల కన్నా ఆవిడకే బాగా తెలుసు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి దుకాణం ఎత్తేసింది. మిషను ఇంటి వెనక గదిలోకి మార్చుకుంది. పెళ్ళిళ్ళకు రాదు, పేరంటాలకు రాదు. తప్పనిసరై ఎప్పుడైనా వచ్చినా గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి, పలకరింపులు అవగానే చెప్పులేసుకునేది. “ఏమ్మా, మా ఇంట్లో కుర్చీలు నీ కంటికి ఆనడంలేదా” అని ఎత్తిపొడిచినవాళ్ళూ ఉన్నారు. మా అక్క నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బస్సు డిపోలో టిక్కెట్ల లెక్కలు చూస్తాను. నాకు నోరెక్కువని డిపోలోనూ అంటారు, ఇంట్లోనూ అంటారు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని నలుగురినీ భోజనానికి పిలిచిన రోజున, అందరూ కూర్చుని కబుర్లాడుతుంటే అక్క మాత్రం గోడకు అతుక్కుని నిలబడింది. నేను ఊరుకోలేకపోయాను. భుజాలు పట్టుకుని కుర్చీలో కూలేశాను. అక్క పెనుగులాడలేదు. అంతసేపూ మొహంలో నెత్తురు చుక్క లేకుండా కూర్చుంది. లేచినప్పుడు తన సంచీ తీసి చప్పున కుర్చీ మీద పెట్టింది. అయినా నేను చూశాను. కుర్చీ తడిగా ఉంది.

వెంటనే అక్క చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

“ఎప్పట్నుంచి?”

“గర్భసంచి తీసేశాక. ఆపరేషనయిన వారం పది రోజులకి మొదలైంది.”

“ఆ డాక్టరుకి చెప్పలేదా?”

“చెప్పాను. బలహీనత, మెల్లిగా తగ్గిపోతుందన్నారు. తగ్గలేదు. మళ్ళీ వెళ్ళి అదే చెప్పుకోడానికి నాకు మొహం చెల్లలేదే.”

“బావకి తెలుసా?”

“ఆయనే కదా తువ్వాళ్ళు ఉతుకుతోంది” అంది అక్క, అదేదో మామూలు విషయమైనట్టు.

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇన్నేళ్ళూ అక్క ప్లాస్టిక్ గుడ్డ మీద తువ్వాలు మడిచి పరుచుకుని మిషను ముందు కూర్చునేదట. తడిసినవి తడిసినట్టే బావ తీసుకెళ్ళి ఉతికి ఆరేసేవాడట. చర్మం ఒరుసుకుపోయి మంటపుడితే కొబ్బరినూనె రాసుకునేదట. దీనికి తోడు అక్క సొంత వైద్యం ఒకటి కనిపెట్టింది. అది నీళ్ళు మానెయ్యడం. మందుబిళ్ళ మింగడానికి ఒక గుక్క, గొంతు మరీ ఎండితే ఇంకో గుక్క. తాగకపోతే కారదు కదా అని ఆవిడ లెక్క. మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరిగిందే తప్ప కారడం మాత్రం ఆగలేదు.

ఆ మర్నాడే సెలవు పెట్టి అక్కను మెడికల్ కాలేజీ ఆసుపత్రికి లాక్కెళ్ళాను. మూత్ర సంబంధమైన జబ్బుల విభాగం ముందు బెంచీల నిండా ముసలి మగవాళ్ళే. అందరిదీ మగవాళ్ళకొచ్చే ప్రోస్టేటు వాపే, అందరి చేతుల్లోనూ స్కానింగు కవర్లే. ఆ మగవాళ్ళ మధ్య అక్క ఒక్కతే నిలబడి ఉంటే, చివర్లో ఉన్న పెద్దాయన జరిగి చోటిచ్చి, “మీదీ ప్రోస్టేటేనా అమ్మా?” అని ఎంతో సానుభూతిగా అడిగాడు.

“లేదండీ, నాది వేరే” అంది అక్క. నాకేసి చూసింది. ఇద్దరం మొహాలు పక్కకు తిప్పుకుని, భుజాలు అదిరేలా నవ్వాం. అక్క అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వితే ఎక్కువ కారుతుందని నవ్వడం కూడా మానేసిందని ఆ తర్వాత తెలిసింది.

లోపల కళ్ళద్దాల డాక్టరమ్మ ఒకామె ఉంది. పెద్ద చదువు చదువుతూనే రోగుల్ని చూస్తుందట. ఆమె వెనకాల తెల్లకోట్ల పిల్లలు గుంపుగా ఉన్నారు. “అమ్మా, వీళ్ళు నేర్చుకోడానికొచ్చిన పిల్లలు. మీరు ఉండమంటే ఉంటారు, వద్దంటే బయటికి పంపించేస్తాను” అంది.

అక్క ఆ పిల్లలకేసి ఒకసారి చూసింది. “ఆడపిల్లల్ని ఉండనివ్వండి. రేపు నాలాంటిది వస్తే బలహీనత అని పంపెయ్యకుండా ఉంటారు” అంది. మగపిల్లలు బుద్ధిగా బయటికి నడిచారు.

పరీక్ష వినడానికి చాలా చిన్నది. యోని లోపల మూడు దూది ఉండలు, పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి పెట్టారు. సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి నీలం రంగు నీళ్ళు ఎక్కించారు. వరండాలో కాసేపు నడిచి రమ్మన్నారు. నేనూ అక్కా చేతులు పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాం. తిరిగొచ్చాక డాక్టరమ్మ ఒక్కొక్క ఉండనూ తీసి పళ్ళెంలో వరసగా పెట్టింది. పైది తడిసి, రంగు అంటకపోతే కిడ్నీ నుంచి దిగే గొట్టం తెగినట్టు. మధ్యది నీలంగా వస్తే మూత్రాశయానికే చిల్లి పడినట్టు. మధ్యది సిరాలో ముంచినంత నీలంగా వచ్చింది.

“మొదటి ఆపరేషనప్పుడు మూత్రాశయానికి దెబ్బ తగిలుంటుందమ్మా. చొక్కా గుండీ పట్టేంత రంధ్రం. వచ్చిన మూత్రం వచ్చినట్టే అందులోంచి యోనిలోకి దిగి కారిపోతోంది” అని చెప్పింది డాక్టరమ్మ.

“అయితే ఇది నా బలహీనత కాదన్నమాట” అంది అక్క.

“కాదు.”

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పళ్ళు బిగించి ఆ పళ్ళెంకేసి చాలాసేపు చూసింది. అంత కోపం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. తను ఎంత గట్టిగా బిగపట్టుకున్నా ఎందుకు ఆగలేదో, ఇన్నేళ్ళూ తనను తాను ఎందుకు తిట్టుకుందో ఆ నీలం ఉండలో కనపడుతోంది మరి. నాకైతే ఆ మొదటి డాక్టరును వెతికిపట్టుకుని నాలుగు దులపాలనిపించింది.

పెద్ద డాక్టరు చూసి, కుట్టెయ్యొచ్చన్నాడు. కానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. మొదటిసారి వేసిన కుట్టు నిలబడితే నిలబడినట్టు. అది వదిలిపోతే రెండోసారి కుట్టడానికి మంచి కండ మిగలదు, అప్పుడు నమ్మకంగా చెప్పలేం అన్నాడు. ముందు మూత్రంలో చీము తగ్గడానికీ, ఒరుసుకున్న చర్మం మానడానికీ మందులిచ్చారు. ఆ తర్వాతే ఆపరేషను చేశారు.

ఆపరేషను బాగానే జరిగింది. అసలు గండం వార్డులో మొదలైంది. మూత్రాశయంలో గొట్టం పెట్టి, మంచం పక్కన సంచీ వేలాడదీశారు. కొత్త కుట్టు మానేదాకా మూత్రాశయం నిండకూడదు, ఎప్పటికప్పుడు గొట్టంలోంచి పోతూనే ఉండాలి. అది పూడుకుపోకుండా ఉండాలంటే నీళ్ళు బాగా తాగాలి. రోగి చెయ్యాల్సిందల్లా అదొక్కటే. ఇంత సులువైన పథ్యం లోకంలో ఇంకోటి ఉండదనుకున్నాను.

నేను సీసా నింపి పెట్టేదాన్ని. క్యాంటీనుకు వెళ్ళొచ్చేసరికి ఖాళీ అయ్యేది. మళ్ళీ నింపేదాన్ని, మళ్ళీ ఖాళీ. మా అక్క బంగారం అనుకున్నాను. కానీ సంచీలో మాత్రం అడుగున కాస్త ముదురు పసుపు నీళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. బస్సెక్కినవాళ్ళు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. ఈ నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో నాకు అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “చెల్లీ, తడిసింది” అంది. దుప్పటి ఎత్తి చూస్తే పక్క తడిగా ఉంది. “మళ్ళీ మొదలైందే. అయిపోయింది” అంది అక్క.  పరుగెత్తుకెళ్ళి కళ్ళద్దాల డాక్టరమ్మను పిలుచుకొచ్చాను.

ఆమె గొట్టం పట్టి చూసి, సిరంజితో మెల్లిగా కొంచెం నీళ్ళు పంపి వెనక్కి లాగింది. ఇసుకలాంటి మడ్డి వచ్చింది. వెంటనే సంచీలోకి ధార మొదలైంది. “గొట్టం పూడుకుని పక్కల్నుంచి వచ్చింది. కుట్టు ఉందో పోయిందో ఇప్పుడు చెప్పలేను, చివర్లో ఎక్స్‌రే తీస్తేనే తెలిసేది. అసలు నీళ్ళు తాగుతున్నారా?”

“సీసాలకు సీసాలు తాగుతోంది డాక్టరమ్మా” అన్నాను.

పక్క మంచం ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నదల్లా, “తాగింది ఆవిడ కాదు, ఆ వాష్‌బేసిను” అంది.

ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. సెలవులు తగలేసి, ఇల్లూ వాకిలీ వదిలేసి ఇక్కడ పడుంటే నువ్వు చేసే నిర్వాకం ఇదా అన్నాను. బావ మొహం చూసైనా తాగొచ్చు కదా అన్నాను. వార్డంతా విన్నది.  నేను ఆయాసపడి ఆగాక అక్క అంది:

“తాగాలనే గ్లాసు ఎత్తుతానే. నోటి దాకా వచ్చేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. తాగితే తడుస్తావు, తాగితే తడుస్తావు అంటుంది. ఇన్నేళ్ళూ దానికి నేర్పింది అదే. ఇప్పుడు వద్దంటే అది నా మాట వింటుందా?”

నా కోపమంతా అక్కడికక్కడే చచ్చింది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ఏం చెప్పబోతోందో గానీ, ముందు అక్కే అడిగింది.

“ఒక్కటి చెప్పండి. మూత్రాశయానికి ఒక కుట్టు, కింది పొరకి ఒక కుట్టు వేశామన్నారు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయా?”

“లేదమ్మా. పక్కపక్కకి జరిపే వేస్తాం. ఒకదాని కింద ఒకటి ఉంటే రెండూ ఒకేచోట వదిలేస్తాయి. మధ్యలో కొవ్వు పొర కూడా పరిచారు.”

“అస్తరు లాగా.”

“అస్తరే.”

అక్క కళ్ళు మూసుకుని, మనసులో ఆ కుట్టును ఒకసారి తిరగేసి చూసుకున్నట్టుంది. “దారం?”

“మెల్లిగా కరిగిపోయేది. అది కరిగేలోపల కండ అతుక్కుంటుంది. కానీ లోపల నిండి ఉబ్బితే కుట్టు లాక్కుపోతుంది.”

“కొత్త కుట్టును లాగకూడదు” అంది అక్క, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. “ఆ గ్లాసు ఇలా ఇవ్వవే.”

అంతటితో భయం వదిలిపోయిందని చెబితే అబద్ధమవుతుంది.  ఒక గుక్క తాగి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తడిమి చూసుకుంది. పొడిగా ఉందని చూసుకుని ఇంకో గుక్క. ఆ గ్లాసు పూర్తయ్యేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. ఆ తర్వాత ప్రతి గ్లాసూ అదే తంతు. పక్క మంచం ఆవిడ కాపలా బాధ్యత తనంతట తనే తీసుకుంది. నేను లేనప్పుడు అక్క మంచం దిగితే చాలు, “ఎక్కడికి, వాష్‌బేసిను దగ్గరికేనా” అని నిలదీసేది. సాయంత్రాలు బావ వచ్చి ముందు సంచీకేసి చూసేవాడు, ఆ తర్వాత అక్క మొహంలోకి. సంచీలో నీళ్ళు తేటపడుతున్న కొద్దీ ఆయన కూడా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాడు.

కానీ ఆ మధ్యాహ్నం గొట్టం పూడుకున్నప్పుడు లోపల ఏం జరిగిందో మాలో ఎవరికీ తెలియదు. కుట్టు నిలిచిందా, లాక్కుపోయిందా అన్నది గుండెల్లో రాయిలా ఉండిపోయింది. అక్క ఆ మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు. నా జన్మలో అంతకాలం ఒక మాటను దాచుకున్నది లేదు.

ఎక్స్‌రే రోజు మూత్రాశయంలోకి ఫోటోలో కనిపించే మందు ఎక్కించి ఫోటోలు తీశారు. పెద్ద డాక్టరు వాటిని వెలుతురుకేసి పెట్టి చూశాడు. తెల్లకోట్ల పిల్లలందరినీ పిలిచి చూపించాడు. “ఎక్కడైనా బయటికి కారిందా?” అని అడిగాడు.  “లేదు సార్” అంది ఒక అమ్మాయి. ఆ పిల్ల గొంతు విని నాకు ఏడుపొచ్చింది. గొట్టం తీసేశారు.

వార్డుకొచ్చాక అక్క మంచం అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. నీళ్ళు తాగమంటే తాగింది. మాటిమాటికీ చేత్తో పక్క తడుముకుంటోంది. కాసేపటికి పొత్తికడుపు పట్టుకుని నా వైపు తిరిగింది. 

“చెల్లీ, ఇక్కడేదో బరువుగా ఉందే. నొప్పి కాదు గానీ, నొక్కుతున్నట్టుంది. డాక్టరమ్మని పిలువు. లోపలేదో అయింది.”

నేను లేచి రెండడుగులు వేశాను. అప్పుడు వెలిగింది నాకు. వెనక్కొచ్చి అక్క పక్కనే కూర్చున్నాను.

“అక్కా, ఏమీ అవలేదు. నీకు ఒంటేలుకి వస్తోంది. అంతే.”

అక్క నన్ను వింతగా చూసింది. మూత్రాశయం నిండితే ఎలా ఉంటుందో ఆవిడ మర్చిపోయింది. ఏళ్ళ తరబడి అది నిండితేగా. చెయ్యి పట్టుకుని లేపాను. వార్డు చివర బాత్రూము దాకా, ఏదో నిండుకుండ మోస్తున్న మనిషిలా, అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. నేల వైపు చూడటానికి కూడా భయపడింది. నేనే చూస్తూ నడిచాను. ఎక్కడా ఒక్క చుక్క పడలేదు.

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపటికి తలుపు తీసుకుని వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే నా భుజం పట్టుకుంది.

“ఆగిందే” అంది. “నేను లేచి, నడిచి వెళ్ళేదాకా ఆగింది.”