అరగని పళ్ళు

ముందు చప్పుడు వినిపించేది. నాలుకను అంగిలికి అంటించి విడిస్తే వచ్చే పొడి చప్పుడు. టొక్, టొక్ అని, ఎండకు కాయ పగిలినట్టు. ముదిగుబ్బకు పడమరగా ఉన్న గుట్టవార మేసే గొర్రెలు ఆ చప్పుడుకు తలలెత్తేవి. ఆ తర్వాతే గుట్ట అంచున ఒక నల్లకంబళి, దాని కింద మారెక్క.

మారెక్క ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని మంద చుట్టూ తిరుగుతూనే తినేది. మొగుడు నాగన్న పోయాక ఆ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. ఇంట్లో ఉంటే గాలి ఆడనట్టు ఉండేది ఆమెకు. గొర్రెల వెనక నడుస్తుంటే మాత్రం దిగులు రెండడుగులు వెనకబడేది.

సంతలో గొర్రెలు కొనేవాళ్ళు ఆమెను పిలిచి, వయసు చెప్పమని వాటి నోళ్ళు చూపించుకునేవారు. ఆమె బొటనవేలు పెదవి మూలన దూరేది, దవడ తెరుచుకునేది. గొర్రెకు పైన ముందుపళ్ళు ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. కింది పళ్ళు ఆ చిగురుకు నొక్కుకుంటేనే గడ్డి తెగుతుంది. ముసలితనంతో అరిగిన పళ్ళ మధ్య సందులు పడతాయి. ఇసక నేలలో మేసిన పళ్ళు ఏటవాలుగా, గీకినట్టు అరుగుతాయి. ముళ్ళకంప నమిలిన పళ్ళకు అంచున గాట్లు పడతాయి. మారెక్కకు ఇవన్నీ చూపుతో పని లేకుండా వేలికే తెలిసేవి.

"మారెక్కా, నా నోరు గూడా చూడకూడదా? ఇంకెన్నాళ్ళుంటానో చెబుదువు" అనేవాడు దళారి ఓబుళేసు.

"నీది చూసే పనిలేదు లేప్పా. మాట్లాడి మాట్లాడి ఎప్పుడో అరిగిపోయింటాది" అనేది ఆమె, అప్పటికే ఇంకో గొర్రె దగ్గరికి నడుస్తూ.

ఇన్ని నోళ్ళు చూసిన మనిషి తన మందలో ఒక్క నోటిని మాత్రం ఏనాడూ తెరవలేదు. అది దేవర పొట్టేలు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నాగన్నకు జ్వరం తిరగబెట్టినప్పుడు, ఎక్కడినుంచో ఒక పిల్లను పట్టుకొచ్చి, అదే పూట మెడకు పసుపు దారం కట్టి ఊరి దేవత చౌడమ్మ పేరు మీద వదిలాడు. ఏళ్ళకొకసారి వచ్చే పెద్ద జాతరలో బలిచ్చేదాకా అది మందలో తిరుగుతుంది. అలా వదిలిన పొట్టేలు నోట్లో ఎవరూ చేయి పెట్టరు. నోరు చూడడమంటే బేరానికి పెట్టడమే. అమ్మవారి సొత్తును బేరం పెట్టేదెవరు? దారం కట్టిన కొన్నాళ్ళకే నాగన్న పోయాడు. పొట్టేలు పెరిగింది. విశాలమైన నుదురు, చుట్టలు తిరిగిన కొమ్ములు. సాయంత్రం ఎర్రమన్ను మీద దాని నీడ పడితే మారెక్కకు మొగుడు దొడ్డి వాకిట్లో నిలబడ్డట్టు ఉండేది.

దానికి పుట్టిన గొర్రెలకు, దేవర పిల్లలనేవాటికి, ఒక విశేషం ఉండేది. అదే ఈడు మిగతా గొర్రెల పళ్ళు అరుగుతున్నా వీటివి అరిగేవి కావు. తెల్లగా, పొడుగ్గా, చిన్నపిల్లల గోళ్ళలా ఉండేవి. చౌడమ్మ చలవ అని ఊరంతా అనుకుంది. మారెక్క అందరికంటే ఎక్కువగా అనుకుంది. సంతకు వచ్చినవాళ్ళకు పిలిచి మరీ చూపించేది.

"చూడుప్పా, అయిదేండ్ల గొర్రె. పళ్ళు చూడు. మా ఆయప్ప మొక్కు ఊరికే పోలా."

వానలు పడినన్నాళ్ళూ ఆ మాట నిలబడింది. దొడ్లో మేతకు ఎండిన వేరుశనగ తీగ, చెనక్కాయ కట్టె ఉండేది, తుమ్మకాయలు రాలేవి, కంచెలమీద ఆకు ఉండేది. అరవై ఐదులో వాన మొహం చాటేసింది. విత్తనం మట్టిలోనే మాడింది. నేలకు అంటుకుని, గోరుతో గిల్లినా రానంత పొట్టి గరిక మిగిలింది. అది కూడా వాగుల, వంకల పక్కనే.

మరిది ఎర్రప్ప, ఆమె కలిసి ఒక మాట అనుకున్నారు. మందను కడప వైపు కాలువ భూములకు తోలుకుపోవాలి. అంత దూరం అన్నీ నడవలేవు. సగం ఓబుళేసుకు అమ్మి, సగంతో బయలుదేరాలి. ఆ ఇంటికి ఉన్నదల్లా ఆ మందే. తప్పుడు సగం చేతిలో మిగిలితే దారిలోనే కథ ముగుస్తుంది.

"ఇందులో ఆలోచించేదేముంది వదినా" అన్నాడు ఎర్రప్ప. "పళ్ళు అరిగినవి అమ్మేద్దాం. దేవర పిల్లలు మనకుంటాయి. పళ్ళుండేవి బతుకుతాయి."

మారెక్క సరే అంది. అన్నదే గాని ఇంకొకసారి చూసుకోవాలనిపించింది. మర్నాడు ఓబుళేసు వస్తాడనగా మందను వంకకు తోలింది. తలలన్నీ వంగే ఉన్నాయి, మూతులన్నీ ఆడుతూనే ఉన్నాయి. కానీ డొక్కలు వేరుగా ఉన్నాయి. అరిగిన పళ్ళ గొర్రెలు ఎండిపోయినా నిలబడి ఉన్నాయి. దేవర పిల్లల వెన్నెముకలు మాత్రం కంబళి కింద కర్ర పెట్టినట్టు లేచి ఉన్నాయి. ఆమె అటు నడిచింది, ఇటు నడిచింది. వంగి నేల చూసింది. అరిగిన పళ్ళవి మేసిన చోట గరిక మొదలంటా తెగింది. దేవర పిల్లలు మేసిన చోట గరిక తెగలేదు. ఎంగిలితో తడిసి, నలిగి, అలాగే ఉంది.

ఒక దేవర పిల్లను కాళ్ళ మధ్య ఇరికించుకుంది. ఎప్పటిలాగే నోరు తెరిచింది. అవే అందమైన పళ్ళు. వదిలేసింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి పట్టుకుంది. ఈసారి నోరు తెరవలేదు. మూతి మూసి, పెదవులు మాత్రం పైకి లేపింది.

కింది పళ్ళు పై చిగురును ఆనలేదు. దాన్ని దాటి, ఒక గోరు వెడల్పంత ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. దేన్నీ తాకని పళ్ళు దేనికి అరుగుతాయి? దొడ్లో కట్టె, కంచెమీద ఆకు పెదవులతో అందుకుని నమిలితే చాలు, పొట్టి గరికకు మాత్రం పళ్ళు చిగురును నొక్కాలి.

ఇంకొకటి పట్టుకుంది. అంతే. ఇంకొకటి. అంతే. పెదవి లేపిన ప్రతిసారీ ఆ పళ్ళు బయటికి చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి. తెరిచి చూపించుకుని మురిసిందే తప్ప, మూసి ఒక్కసారీ చూడలేదు తను. పొద్దు గూకేదాకా వంకలో పైకీ కిందకీ తిరిగింది. దొడ్డికి వచ్చాక పొట్టేలు దగ్గరికి పోయి, చేయి చాపి, పసుపు దారం దాకా పోనిచ్చి వెనక్కి తీసుకుంది.

పొద్దున్నే ఓబుళేసు వచ్చాడు. ఎర్రప్ప అరిగిన పళ్ళవాటిని ఒక పక్కకు తోలుతున్నాడు. మారెక్క తిన్నగా పొట్టేలు దగ్గరికి నడిచి కొమ్ము పట్టుకుంది.

"వదినా, ఏం జేస్తాండావ్? చెయ్యి తియ్యి."

ఆమె పెదవి లేపింది. ఒక్క చూపు చాలింది. కూతుళ్ళకు వచ్చింది ఎక్కడిదో ఆ మూతిలో ఉంది. నాగన్న ఆ పిల్లను తెచ్చినప్పుడు జ్వరంలో ఉన్నాడు, నోరు చూసుకోలేదు. దారం కట్టాక ఇంకెవరూ చూడలేదు.

"ఎర్రప్పా, ఈడికి రా. దీని దవడ చూడు. ముందుకుండాది. పిల్లలన్నిటికీ ఇదే వచ్చింది. ఇవి గరిక కొరకలేవు. అమ్మాల్సింది వీటిని."

ఎర్రప్ప చూడలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మా అన్న పోతా పోతా అమ్మకిచ్చిన పొట్టేలు అది. నువ్వు దాని నోట్లో వేలు పెడతివి. రేపు జరిగేదానికి నన్నడగొద్దు."

"మీ అన్న ఇచ్చినాడు. నోరు చూడకుండా ఇచ్చినాడు" అంది మారెక్క. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది. చచ్చిపోయిన మొగుడి మీద మొదటిసారి కోపం వచ్చింది. "నడిచేది నేనబ్బీ. దావలో ఒక్కొక్కటీ కూలబడతాంటే చూసేది నేను. పోయి వంకలో గరిక చూసిరా, ఏవి కొరికినాయో ఏవి నాకినాయో. చూసొచ్చి నన్ను తిట్టు."

ఓబుళేసు గడ్డం గోక్కుంటూ, "నాకేమీ పట్టింపు లేదప్పా. కటికాయనకు పళ్ళతో పనేముంది" అన్నాడు.

ఎర్రప్ప వంకకు పోయాడు. తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది. వేరు చేసిన గొర్రెలను మళ్ళీ దొడ్లోకి తోలి, దేవర పిల్లలను బయటికి తోలాడు. అవి ఓబుళేసు వెంట ఎర్రటి దుమ్ములో పోతుంటే మారెక్క దొడ్డి చుట్టూ తిరుగుతూనే ఉంది. పొట్టేలును మాత్రం అమ్మలేరు. మళ్ళీ మందలో తిరగనివ్వనూ లేరు. జాతర దాకా ఆగకుండా చౌడమ్మకు అప్పజెప్పేస్తానన్నాడు ఎర్రప్ప. ఆ పని జరిగేదాకా మారెక్క ఊళ్ళో ఉండలేకపోయింది. ఆ మధ్యాహ్నమే మందను ముందుకు తోలుకుని తూర్పు దారి పట్టింది. పొట్టేలును చౌడమ్మకు అప్పజెప్పి, ఎర్రప్ప రెండో రోజు దారిలో వచ్చి కలిశాడు.

అరిగిన పళ్ళ గొర్రెలు కాలువ భూములు చేరాయి. అన్నీ కాదు. కొన్ని దాహానికి పోయాయి, కొన్నిటికి గిట్టలు చెడ్డాయి. చేరినవి ఈనాయి. పుట్టిన ప్రతి పిల్లనూ తడి ఆరకముందే ఒళ్ళో పెట్టుకుని, మూతి మూసి పెదవి లేపి చూసేది మారెక్క. మరుసటి ఏడు మంద ఊరికి తిరిగొచ్చింది గాని ముదిగుబ్బలో అప్పుడూ వాన పడలేదు. దేవర పొట్టేలు నోట్లో వేలు పెట్టింది కాబట్టే అన్నారు ఆడవాళ్ళు. చౌడమ్మకు జ్యోతులెత్తే పండక్కి ఆమెను పిలవలేదు. పూజ జరుగుతున్నంతసేపూ ఆమె గుట్ట మీద ఉంది. కింద దీపాలు వరసగా కదులుతుంటే మంద చుట్టూ నడుస్తూనే ఉంది.

అరవై తొమ్మిదిలో, కదిరి దారిలో, ఇది రాస్తున్న మనిషి ఆమెను చివరిసారి కలిశాడు. జుట్టు నెరిసింది, నడక తగ్గలేదు. ఆ రోజు పొట్టేలు నోరు చూడకుండా ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాడు. ఆమె నిలబడలేదు, నడుస్తూనే చెప్పింది.

"చూడకుంటే మంద పోతాండె. చూసినందుకు ఆయప్ప మీద కోపమొచ్చె. ఆ కోపం ఇంకా పోలేదప్పా. రోజూ గొర్రెల యెనకాల నడుస్తా తిడతానే ఉంటా, ఒక్క తూరి పెదవి లేపి చూసింటే నీ సొమ్మేం పోయిండునని. పో, నువ్వు పో. పొద్దు వాలతాండాది, ఇవి నా మాదిరే, ఒక తావున నిలబడవు."